ఎనిమిదేళ్ళ పాపకి ఇప్పుడే క్లిప్పులు వేయించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా పాపకి ఎనిమిదిన్నరేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. పై ముందు పళ్ళ మధ్య సందు వచ్చింది, పళ్ళు పక్కలకి విచ్చుకున్నట్టు ఉన్నాయి. కింద పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మూడు నెలల క్రితం కింద కుడివైపు చివరి పాల దవడ పన్ను పుచ్చిపోయి బాగా నొప్పి చేస్తే తీయించాం. రాత్రి నిద్రలో ఇప్పటికీ బొటనవేలు నోట్లో పెట్టుకుంటుంది. ఒక డాక్టరు గారు ఇప్పుడే క్లిప్పులు మొదలుపెడితే తర్వాత పళ్ళు పీకే అవసరం రాదన్నారు, మొత్తం డబ్బు ముందే కట్టమన్నారు. ఇంకొకరు పాలపళ్ళన్నీ ఊడాక పన్నెండు, పదమూడేళ్ళకి రమ్మన్నారు. మా అత్తగారు పాలపళ్ళకి వైద్యమేమిటి, పెళ్ళీడు వచ్చాక చూసుకోవచ్చులే అంటున్నారు. మా పెద్దవాడికి పన్నెండు దాటాయి, వాడివీ కాస్త ఎత్తుపళ్ళే, కానీ మగపిల్లాడు కదా, వాడి సంగతి తర్వాత చూద్దామనుకున్నాం. ముందు పాప విషయం తేల్చి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ

జవాబు:

అమ్మా, మీరు ఉత్తరమంతా పాప గురించి రాసి, చివర్లో బాబుని ఒక్క వాక్యంలో దాటేశారు. నా మనసు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. మీ ఇంట్లో క్లిప్పుల వైద్యానికి వేళ దగ్గరపడింది వాడికి. పాపకి క్లిప్పులు ఇప్పుడు వద్దు. అయితే పాపకి ఈ వారంలోనే చేయించాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ పన్ను తీసిన ఖాళీ గురించి మీకు ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. మిగతావన్నీ కొంత ఆగుతాయి, అది ఆగదు. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

పాలపళ్ళు 20. ఒక్కోటీ తన కింద తయారవుతున్న శాశ్వత పన్ను కోసం చోటు పట్టి ఉంచుతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి మనవాళ్ళ కోసం చోటు ఆపుతాం చూడండి, అలాంటిదే. తువ్వాలు తీసేస్తే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. నోట్లో కూడా అదే జరుగుతుంది. పాపకి 6 ఏళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను కొత్తగా వచ్చి ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని ముందున్న పాలపన్ను పోగానే ఆనుకోవడానికి ఏమీ లేక అది ముందుకి ఒరుగుతుంది. ఖాళీ ఎక్కువగా తగ్గేది మొదటి 6 నెలల్లోనే. మీరు పన్ను తీయించి 3 నెలలైంది. అందుకే ఈ వారం అంటున్నాను. అక్కడ రావాల్సిన శాశ్వత పన్ను మామూలుగా 11, 12 ఏళ్ళకి గానీ రాదు. రెండు మూడేళ్ళ పాటు ఆ చోటుని కాపాడాలి.

అందుకు చేసేది చాలా చిన్న పని. వెనకున్న పన్నుకి ఉంగరం లాంటి స్టీలు బ్యాండు తొడిగి, అందులోంచి ముందు పన్ను దాకా ఒక తీగ వంపు తిప్పుతారు. స్పేస్ మెయింటెయినర్ అంటారు దాన్ని. మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు. ఒకరోజు కొలత తీసుకుంటారు, ఇంకోరోజు అతికిస్తారు. ముందు ఎక్స్-రే తీసి, కింద పన్ను ఎంత తయారైందో, ఖాళీ ఇప్పటికే ఎంత తగ్గిందో చూస్తారు. కొంత తగ్గిపోయి ఉంటే, స్ప్రింగు ఉన్న చిన్న ప్లేటుతో వెనక పన్నుని మళ్ళీ వెనక్కి నెట్టి, అప్పుడు చోటు ఆపుతారు. బ్యాండు పెట్టించాక మూడు నాలుగు నెలలకొకసారి చూపించాలి. సిమెంటు కరిగి బ్యాండు కదిలితే దాని కింద ఆహారం ఇరుక్కుని మంచి పన్ను పాడవుతుంది. కొత్త పన్ను చిగుర్లోంచి తొంగి చూడగానే తీసేయించాలి. పెట్టించుకుని మర్చిపోయి, తీగ అడ్డంపడి పన్ను పక్కకి వచ్చిన పిల్లల్ని కూడా చూశాను.

మీ పాప విషయంలో ఈ ఖాళీకి ఇంకో విలువ ఉంది. కింద పళ్ళు తోసుకుంటున్నాయన్నారు కదా. ఈ వయసులో కింద కాస్త ఇరుకు ఉండడం మామూలే. ఎందుకంటే పాల దవడ పళ్ళు, వాటి స్థానంలో వచ్చే శాశ్వత పళ్ళ కంటే వెడల్పుగా ఉంటాయి. కింది దవడలో ఒక్కో వైపు దాదాపు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల చోటు అలా మిగులుతుంది. మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. రెండు వైపులా కలిపితే మూడు, మూడున్నర. తోపులాటలో పక్కకి తిరిగిన పళ్ళు వరసలో కుదురుకోవడానికి చాలాసార్లు అది సరిపోతుంది. ప్రకృతి అట్టేపెట్టిన ఆ మిగులుని వెనక పన్ను ముందుకి జరిగి తినేస్తుంది. అందుకే పాపని చూసిన డాక్టరు గారు ఒకవైపు బ్యాండుకి బదులు, కింద రెండు వైపులా దవడ పళ్ళకి బ్యాండ్లు వేసి, పళ్ళ లోపలి వైపు నుంచి ఒకే తీగ తిప్పుదాం అని అనవచ్చు. అంటే ఒప్పుకోండి. తర్వాత పళ్ళు పీకే అవసరం రాకుండా ఇప్పుడే క్లిప్పులు వేద్దామని మొదటి డాక్టరు గారు చెప్పారే, కింది పళ్ళ వరకు ఆ లాభంలో చాలా భాగం ఈ తీగ తోనే దక్కుతుంది. ఖర్చు అందులో చిన్న వంతు.

మీ అత్తగారితో ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఊడిన పాలపన్నుని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరి, మంచి పన్ను రావాలని కోరుకున్న తరం వాళ్ళది. ఆ పన్ను తన వేళకి తాను ఊడింది. ఊడాల్సిన వేళకి మూడేళ్ళ ముందే పీకించిన పన్ను సంగతి వేరు. మిగిలిన పాలపళ్ళలో ఎక్కడ నల్ల చుక్క కనిపించినా ఇప్పుడే సిమెంటు పెట్టించండి. క్లిప్పుల ఖర్చు తగ్గించే మార్గాల్లో దీనికి మించింది నాకు తెలియదు.

ఇక పై పళ్ళ సందు. ఇది చూసే మీకు ఎక్కువ భయం వేసి ఉంటుంది, అద్దంలో మొదట కనిపించేది అదే కాబట్టి. 7 నుంచి 11 ఏళ్ళ మధ్య చాలామంది పిల్లలకి ఇలాగే ఉంటుంది. కోరపళ్ళు అప్పటికి ఎముకలో పైన ఉంటాయి. అవి దిగుతూ దిగుతూ పక్క పళ్ళ వేర్లని లోపలికి నొక్కుతాయి. వేరు లోపలికి వెళ్తే పన్ను అంచు బయటికి విచ్చుకుంటుంది, మధ్యలో సందు పడుతుంది. కోరపళ్ళు 11, 12 ఏళ్ళకి బయటికి వచ్చేటప్పుడు అవే పళ్ళని దగ్గరికి తోస్తాయి, సందు మూసుకుంటుంది. అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరస, దవడలు సరిచేసే డాక్టరు) బ్రాడ్‌బెంట్ 1937లోనే ఈ దశని వివరించి, దీన్ని అందం రాని బాతుపిల్లతో పోల్చాడు. పెరిగాక హంస అవుతుందని ఆయన ఉద్దేశం. ఈ దశలో తొందరపడి ఆ పళ్ళకి క్లిప్పులు బిగించి దగ్గరికి లాగితే, వేర్లు వెళ్ళి దిగుతున్న కోరపన్నుకి తగిలే ప్రమాదం ఉంటుంది. వేరు అరిగిపోతే తిరిగి రాదు. పై పెదవిని లోపల చిగురుకి కలిపే పొర మందంగా ఉంది, కోసేస్తే సందు పోతుంది అని ఎవరైనా అంటే కూడా, కోరపళ్ళు వచ్చేదాకా ఆగుదామని చెప్పండి.

అయితే సందు రెండు మిల్లీమీటర్లు దాటి ఉంటే దానంతట అది పూర్తిగా మూసుకోవడం కష్టం. కొందరు పిల్లలకి ఆ రెండు ముందు పళ్ళ మధ్య ఎముకలో ఒక అదనపు పన్ను దాక్కుని ఉంటుంది. దవడ మొత్తం కనిపించే ఎక్స్-రే ఒకటి, ఓపీజీ అంటారు, తీయిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. లోపల ఏ పన్ను ఎక్కడుంది, ఏదైనా అసలు లేకుండా పోయిందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. దాని ఫిల్ము జాగ్రత్తగా దాచండి, రెండేళ్ళ తర్వాత పోల్చి చూడడానికి పనికొస్తుంది.

బొటనవేలు సంగతి మీరు మామూలుగా రాసేశారు గానీ, నాకు సందు కంటే అదే ఎక్కువ బెంగ. చాలామంది పిల్లలు 4 ఏళ్ళకల్లా మానేస్తారు. శాశ్వత ముందు పళ్ళు వచ్చాక కూడా సాగితే, రాత్రంతా ఆ వేలు పై పళ్ళని ముందుకీ, కింద పళ్ళని వెనక్కీ నెడుతూ ఉంటుంది. బుగ్గలు లోపలికి లాగడం వల్ల పై దవడ ఇరుకవుతుంది. పాపని పళ్ళు గట్టిగా కరవమని చూడండి. వెనక పళ్ళు కలిసినా ముందు పళ్ళ మధ్య ఖాళీ ఉండి, అందులోంచి నాలుక కనిపిస్తుంటే ఆ అలవాటు ఇప్పటికే పని చేస్తున్నట్టు లెక్క. ఊరట ఏమిటంటే, ఈ వయసులో మానేస్తే ఆ ఖాళీ చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది.

దయచేసి వేలికి వేపాకు ముద్ద, కారం రాయకండి. బంధువుల ముందు ఎగతాళి చేయకండి. నిద్రలో చేసే పనికి పాప బాధ్యురాలు కాదు, అవమానపడితే ఇంకా ఎక్కువగా ఆ వేలినే ఆశ్రయిస్తుంది. తనతో కూర్చుని, నీ పళ్ళు బాగా రావాలంటే ఈ వేలు పడుకోవాలి, ఇద్దరం కలిసి చేద్దామా అని అడగండి. రాత్రి ఆ చేతికి పలచటి నూలు సాక్సు తొడగండి. వేలు పెట్టుకోని రోజు పొద్దున్నే క్యాలెండర్ మీద తన చేత్తోనే చుక్క పెట్టుకోనివ్వండి. ఎనిమిదేళ్ళ పిల్లకి అది పెద్ద గెలుపు. రెండు మూడు నెలలు మనస్ఫూర్తిగా ప్రయత్నించినా కుదరకపోతే, పై పళ్ళ వెనక వేలు ఆననివ్వకుండా చిన్న తీగ అమరుస్తారు. పిల్ల మానేయాలనుకుంటూ మానలేకపోతున్నప్పుడు అది బాగా పనిచేస్తుంది. నిద్రలో నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, గురక పెట్టడం కూడా ఉంటే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి. ముక్కు వెనక గ్రంథులు వాచి ఉంటే ఆ దారి తెరవకుండా పళ్ళు సరిచేసినా నిలబడవు.

మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరిది సరైన మాట అని మీరు తికమకపడుతున్నారు. రెండు వయసులు కలిసిపోవడం వల్ల వచ్చిన తికమక అది. ఒకటి చూపించాల్సిన వయసు, రెండోది వైద్యం మొదలుపెట్టాల్సిన వయసు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం పిల్లల్ని 7 ఏళ్ళలోపు ఒకసారి చూపించమంటుంది. అప్పటికి ముందు శాశ్వత పళ్ళు కొన్నీ, వెనక పెద్ద దవడ పళ్ళూ వచ్చి ఉంటాయి, దవడలు రెండూ ఎలా కలుస్తున్నాయో తెలుస్తుంది. చూపించమన్నారంటే క్లిప్పులు వేయమని కాదు. చూసిన పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ చేయకుండా, ఏడాదికి ఒకసారి రమ్మని పంపేస్తాం. చిన్న వయసులోనే చేయాల్సినవి కొన్ని మాత్రమే ఉన్నాయి. అవి మీ పాపకి ఉన్నాయో లేదో ఇంట్లోనే కొంత చూడవచ్చు.

పాపని వెనక పళ్ళు కలిపి కరవమనండి. డబ్బా మూత డబ్బాని బయటనుంచి కప్పినట్టు పై పళ్ళు కింద పళ్ళని కప్పాలి. ఎక్కడైనా తిరగబడి కింద పన్ను బయటికి ఉంటే, ముఖ్యంగా కరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకి జరుగుతుంటే, అది ఆగకూడదు. దవడ ఆ పక్కకే పెరిగి ముఖంలో తేడా వస్తుంది. పై ముందు పళ్ళలో ఒక్కటి కింద పన్ను వెనక్కి వెళ్ళి ఇరుక్కున్నా అంతే. ఆ కింద పన్ను చిగురు జారిపోతుంది. కింది దవడే మొత్తం ముందుకి ఉండి, పై దవడ ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకి అయితే ముఖానికి తగిలించే మాస్కు లాంటి పరికరంతో పై దవడని ముందుకి లాగాలి. అది 10 ఏళ్ళలోపు బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత పట్టు తగ్గుతూ పోతుంది. మీ ఇంట్లోగానీ, చుట్టాల్లోగానీ అలా గడ్డం ముందుకున్న చిన్నపిల్లలుంటే పన్నెండేళ్ళదాకా ఆగమని ఎవరు చెప్పినా వినవద్దని చెప్పండి. మీ పాప గురించి రాసినదాంట్లో ఇవేవీ కనిపించలేదు.

ఇప్పుడు బాబు.

ఒకసారి మీ ఫోన్లో వాడి పాత ఫోటోలు తిప్పి చూడండి. ఈ ఏడాదిగా నోరు మూసుకుని నవ్వుతున్నాడా? నవ్వొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడా? ఎత్తుపళ్ళున్న అబ్బాయిలు ఇంట్లో ఏమీ అనరు. స్కూల్లో పడ్డ మాటలు కూడా చెప్పరు. మగపిల్లాడు కదా అని మనం అనుకుంటున్నామని వాళ్ళకి తెలుసు. అమ్మాయి పళ్ళ గురించి పెళ్ళి కోసమైనా ఎవరో ఒకరు అడుగుతారు, అబ్బాయి పళ్ళ గురించి అడిగే దిక్కే లేదు. మీరు ప్రేమ తక్కువై అలా రాయలేదని నాకు తెలుసు. కానీ నమలడానికీ, మాట్లాడడానికీ, నలుగురిలో నవ్వడానికీ ఇద్దరికీ కావలసినవి అవే పళ్ళు.

ఎత్తుపళ్ళు అని మనం పిలిచేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, పై పళ్ళే ముందుకి రావడం. రెండోది, కింది దవడ వెనక్కి ఉండిపోవడం వల్ల పై పళ్ళు ఎత్తుగా కనిపించడం. మన దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ రెండోది చాలామందికి ఉంటుంది. బాబుని పక్కనుంచి చూడండి. గడ్డం లోపలికి వెళ్ళినట్టుందా? పెదాలు మామూలుగా ఉంటే మూతపడకుండా, మూయాలంటే గడ్డం దగ్గర కండరం ముడతపడుతోందా? అలా ఉంటే వాడి వయసు ఇప్పుడు చాలా విలువైంది. దవడ వేగంగా పెరిగే కాలం ఒకటుంది. మనిషి ఒక్కసారిగా పొడుగెదిగే కాలమే అది. అమ్మాయిలకి ఇంచుమించు 10 నుంచి 12, అబ్బాయిలకి 12 నుంచి 14. వాడి స్కూలు ప్యాంట్లు ఏడాది తిరక్కుండా పొట్టి అవుతున్నాయా, చెప్పుల సైజు మారుతోందా, గొంతు మారడం మొదలైందా అని చూస్తే మీకే అర్థమవుతుంది. డాక్టర్లు ముఖం పక్కనుంచి తీసిన ఎక్స్-రేలో మెడ ఎముకల ఆకారం చూసి, ఎదుగుదల ఎంతదాకా వచ్చిందో అంచనా వేస్తారు.

ఆ కాలంలో కింది దవడని ముందుకి పట్టి ఉంచే పరికరాలు వాడతారు. ట్విన్ బ్లాక్ అనేది ఎక్కువగా వాడేది, స్కాట్లండ్‌కి చెందిన విలియం క్లార్క్ 1977లో రూపొందించాడు. పైన ఒకటి, కింద ఒకటి ప్లేట్లు. నోరు మూసినప్పుడు కింది దవడ ముందుకి వస్తేనే రెండూ సరిగ్గా కలుస్తాయి. సుమారు 9 నెలల నుంచి ఏడాది దాకా దాదాపు రోజంతా పెట్టుకోవాలి. మొదటి వారం పది రోజులు మాట నత్తిగా వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. పెట్టుకుంటే పనిచేస్తుంది, జేబులో ఉంటే పనిచేయదు. కాబట్టి వాడితో మీరు మాట్లాడడమే ముఖ్యం. వాడు ఒప్పుకుని మొదలుపెట్టాలి. ఆ తర్వాత పళ్ళని వరసలో పెట్టడానికి మామూలు క్లిప్పులు, ఏడాదిన్నర, రెండేళ్ళు.

ఈ కాలం దాటిపోతే? కొన్నేళ్ళ క్రితం ఇంటర్ పూర్తిచేసిన ఒక అబ్బాయిని తల్లిదండ్రులు నా దగ్గరికి తెచ్చారు. చదువు పాడవుతుందని పదో తరగతి అయ్యేదాకా, తర్వాత ఇంటర్ అయ్యేదాకా ఆగారు. దవడ బాగా వెనక్కి ఉంది, ఎదుగుదల అయిపోయింది. మిగిలిన దారులు రెండే. పైన రెండు మంచి పళ్ళు తీసి ముందు పళ్ళని లోపలికి లాగడం, లేదా దవడకి ఆపరేషన్. ఇవి విన్నాక ఆ తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పళ్ళు తీసే చేశాం, నవ్వు బాగుపడింది, గడ్డం మాత్రం అలాగే ఉండిపోయింది. మీ బాబు ఇప్పుడు ఏడో తరగతిలో ఉంటాడనుకుంటాను. ఇప్పుడు మొదలుపెడితే పదో తరగతి పరీక్షల నాటికి ముఖ్యమైన పనంతా అయిపోతుంది. చదువు సంగతి ఆలోచించినా ఇదే మంచి సమయం.

బాబుని కూడా ఎనిమిదేళ్ళకే చూపించి ఉండాల్సిందేమో అని మీరు బాధపడవద్దు. అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లోనూ, బ్రిటన్‌లోనూ ఇదే ప్రశ్న మీద పెద్ద పరీక్షలు చేశారు. ఎత్తుపళ్ళున్న పిల్లల్ని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి చిన్న వయసులో మొదలుపెట్టారు, ఇంకో గుంపుకి టీనేజీలో. చివరికి పళ్ళు, దవడలు చూస్తే రెండు గుంపులకీ దాదాపు ఒకటే ఫలితం. ముందు మొదలుపెట్టినవాళ్ళు వైద్యంలో గడిపిన కాలం మాత్రం ఎక్కువైంది. ఒక్క తేడా కనిపించింది. ముందుగా చేయించుకున్నవాళ్ళలో దెబ్బ తగిలి ముందు పళ్ళు విరగడం తక్కువ. కాబట్టి పళ్ళు మరీ ఎత్తుగా ఉండి, పెదవి కప్పకుండా ఉన్న పిల్లలకి ముందే చేయడంలో అర్థం ఉంది. మీవాడు క్రికెట్టో, కబడ్డీయో ఆడేవాడైతే ఒక మాట గుర్తుంచుకోండి. శాశ్వత పన్ను మొత్తంగా ఊడి కిందపడితే, వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటితే నీళ్ళలో ఒక్కసారి ముంచి, అదే గుంతలో పెట్టి మెల్లగా కరిచి పట్టుకోమనండి. కుదరకపోతే పాలల్లో వేసి గంటలోపు డెంటల్ డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఊడింది పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు.

డబ్బు విషయం. పాపకి మొత్తం ముందే కట్టవద్దు. ఎనిమిదేళ్ళకి వేసిన క్లిప్పులు మిగతా పళ్ళు రాకముందే తీయాల్సి వస్తుంది, 12 ఏళ్ళకి మళ్ళీ వేయాల్సి వస్తుంది. ఒకే పనికి రెండుసార్లు చెల్లించినట్టే. ఎవరు ఇప్పుడే మొదలుపెట్టాలన్నా ఒక ప్రశ్న అడగండి: ఇప్పుడు చేయకుండా రెండేళ్ళు ఆగితే మా బిడ్డకి ఏం నష్టం జరుగుతుంది? చోటు మూసుకుపోతుంది, దవడ పక్కకి పెరుగుతుంది, పన్ను వేరు దెబ్బతింటుంది, ఇలా స్పష్టమైన జవాబు వస్తే నమ్మండి. ఇప్పుడైతే ఆఫర్ ఉంది, చిన్నప్పుడైతే పళ్ళు త్వరగా కదులుతాయి అన్న జవాబు వస్తే ఇంటికి వచ్చేయండి. బాబుకి కూడా మొత్తం ఎంతవుతుందో, అందులో ఎక్స్-రేలు, పళ్ళ మీద అతికించే బ్రాకెట్లు ఊడితే మళ్ళీ అతికించడం, చివర్లో పళ్ళు మళ్ళీ కదలకుండా ఇచ్చే రిటెయినర్లు కలిసున్నాయో లేదో కాగితం మీద రాయించుకుని, వాయిదాల్లో కట్టండి. స్టీలు క్లిప్పులు చాలు. సిరామిక్, కనిపించని ప్లేట్లు ఖరీదు ఎక్కువ, పన్నెండేళ్ళ పిల్లాడు ఆ ప్లేట్లు పారేసుకుంటే మళ్ళీ ఖర్చు.

ఎవరికి చూపించాలన్నది కూడా అడగకపోయినా చెప్తాను. పాప ఖాళీకి పిల్లల దంతవైద్యుల దగ్గరికి వెళ్ళవచ్చు. బాబుని మాత్రం బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ళకే చూపించండి. బోర్డు మీద ఆ అక్షరాలు చూసుకోండి. దవడ ఎదుగుదలతో పని కాబట్టి ఆ చదువు అవసరం. మీ జిల్లాలోనే నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైము ఎక్కువ పడుతుంది, ఓపీలో కూర్చోవాలి, కానీ ఖర్చు బయటకంటే బాగా తక్కువ. నెలనెలా వెళ్ళాలి కాబట్టి దారి ఖర్చు, సెలవులు కూడా లెక్కేసుకుని ఎంచుకోండి.

మీది నల్లగొండ జిల్లా కాబట్టి ఇంకో మాట. పిల్లల పళ్ళ మీద సున్నం రాసినట్టు తెల్లటి చారలుగానీ, గోధుమరంగు మచ్చలుగానీ ఉంటే అది ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. అలాంటి పన్ను మీద బ్రాకెట్ గట్టిగా అతుక్కోవడం కష్టం, మాటిమాటికీ ఊడుతుంది. మొదటిరోజే డాక్టరుకి చూపిస్తే అందుకు తగ్గట్టు అతికిస్తారు. మా పిల్లాడే సరిగా చూసుకోవట్లేదని ఇంట్లో తిట్లు తప్పుతాయి.

క్లిప్పులు పడ్డాక సకినాలు, చెరుకు గడ, పల్లీ చిక్కి, కాల్చిన మక్క కంకి కొరకడం ఆపాలి. గింజలు ఒలిచి పెట్టండి, జామకాయ ముక్కలు కోసి ఇవ్వండి. పసుపు వేసిన మన కూరలకి క్లిప్పుల మీద తీగని పట్టి ఉంచే తెల్ల రబ్బర్లు రెండు రోజుల్లో పచ్చబడతాయి, బూడిదరంగువో నీలంవో వేయమనండి. బ్రష్ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుంటే రెండేళ్ళ తర్వాత వరసైన పళ్ళ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. అంత కష్టపడ్డాక అది చూస్తే నాకే ఏడుపొస్తుంది. తీసేశాక రిటెయినర్ ఎంతకాలం పెట్టుకోవాలంటే, డాక్టరు ఆపమనేదాకా.

పాపకి మళ్ళీ పెద్దగా చూడాల్సింది 10 నిండాక. అప్పుడు పై చిగురు మీద, కోరపన్ను ఉండాల్సిన చోట వేలు పెట్టి తడిమితే ఎముకలో చిన్న ఉబ్బు తగలాలి. ఒక వైపు తగిలి ఇంకో వైపు తగలకపోతే కోరపన్ను దారి తప్పుతోందేమో అని అనుమానించాలి. ఆ వయసులో తెలిస్తే చాలామందికి పాల కోరపన్ను తీసేయడంతోనే అసలు పన్ను దారిలోకి వస్తుంది. 14 ఏళ్ళకి తెలిస్తే చిగురు కోసి, గొలుసు కట్టి లాగాలి. పాప పదో పుట్టినరోజు నెల ఎప్పుడో లెక్క చూసుకుని ఇప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఆమెకి పూర్తి క్లిప్పులు కావాలా వద్దా అన్నది 11, 12 ఏళ్ళకి తేలుతుంది.

ఈ వారంలో ఒకరోజు స్కూలుకి సెలవు పెట్టించి ఇద్దర్నీ తీసుకెళ్ళండి. ఓపీ కౌంటర్ దగ్గర పాప పేరు చెప్పాక, బాబు పేరు మీద కూడా ఒక చీటీ రాయించండి.